చిన్న మాటలు పెట్టే పేచీ

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న కుర్రవాడికి ఇంగ్లీషులో ఒక జాబు వచ్చిందనుకోండి. ఇంటర్వ్యూ 'కాల్డ్ ఆఫ్' అని అందులో ఉన్నది. 'కాల్' అంటే పిలవటమే గదా, పిలుపు వచ్చేసిందని తల్లి ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టిస్తుంది. పాపం, ఇంటర్వ్యూ రద్దయిందని ఆ మాటకు అర్థం! అదే 'పుట్ ఆఫ్' అని ఉంటే వాయిదా పడిందన్నమాట; అప్పుడు కొబ్బరికాయకు కాస్త ఆశ మిగిలి ఉండేది. పుట్, కాల్ చిన్న క్లాసు పిల్లలకు వచ్చిన మాటలే. ఆఫ్ సంగతి చెప్పనే అక్కరలేదు, రోజూ ఫ్యాను ఆఫ్ చేస్తూనే ఉన్నాం. తెలిసిన రెండు మాటలు కలిసి తెలియని మూడో అర్థం ఇవ్వటమే ఇక్కడి చిక్కు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. 1755లో తన నిఘంటువు వెలువరించినప్పుడే శామ్యూల్ జాన్సన్ దాని పీఠికలో, పరదేశులను ఎక్కువగా బాధపెట్టేవి ఇవేనని ఒప్పుకున్నాడు. వీటిని 'ఫ్రేజల్ వెర్బ్' అనటం మాత్రం 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన పుస్తకంతో వాడుకకెక్కింది. పేరు పెట్టినంత మాత్రాన భయం తీరుతుందా!

నిజానికి తెలుగువాళ్ళు వీటికి భయపడటమే విడ్డూరం. 'తాగు' అనటానికీ 'తాగెయ్' అనటానికీ తేడా మన ఇంట్లో మూడేళ్ళ పిల్లకు తెలుసు. గ్లాసులో చుక్క మిగల్చవద్దని ఆ రెండోదానికి అర్థం. ఇంగ్లీషువాడు సరిగ్గా అక్కడే 'డ్రింక్ అప్' అంటాడు. మనం క్రియ చివర వేయు, పోవు, కొను తగిలిస్తే వాళ్ళు అప్, ఇన్, అవే తగిలిస్తారు. ఇచ్చెయ్ అంటే గివ్ అవే, మానెయ్ అంటే గివ్ అప్, లొంగిపో అంటే గివ్ ఇన్. 'తిట్టిపోశాడు' అంటే ఏ బిందెలోంచి ఏమి పోశాడని మనం అడుగుతామా?

అసలు పేచీ వరసలో ఉన్నది. 'రాముడు రావణుణ్ణి చంపాడు' అన్నా, 'రావణుణ్ణి రాముడు చంపాడు' అన్నా రాముడికి వచ్చిన భయమేమీ లేదు. విభక్తి కాపలా కాస్తున్నది. ఇంగ్లీషులో పేర్లకు ఆ కాపలా లేదు. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారన్నదే లెక్క. రెండు పేర్లు అటూ ఇటూ మార్చారా, రామాయణమే తలకిందులు!

ఈ కుర్చీల పట్టింపు చిన్న మాటల దగ్గరా ఉన్నది. 'స్విచ్ ఆఫ్ ది ఫ్యాన్', 'స్విచ్ ది ఫ్యాన్ ఆఫ్' రెండూ ఒప్పే. ఫ్యాను పేరెత్తకుండా 'ఇట్' అన్నామా, అది మధ్యలోనే కూర్చోవాలి: 'స్విచ్ ఇట్ ఆఫ్'. 'స్విచ్ ఆఫ్ ఇట్' అంటే అన్నంలో రాయి తగిలినట్లుంటుంది. మనవాళ్ళలో కొందరు ఇంకో చమత్కారం చేస్తారు. 'ఫ్యాను ఆఫ్ చెయ్యి' అని తెలుగులోకి తెచ్చుకున్నదాన్ని 'ఆఫ్ ది ఫ్యాన్' అని తిరిగి ఇంగ్లీషులోకి పంపుతారు. స్విచ్ దారిలో ఎక్కడో జారిపోయింది!

'లుక్ ఆఫ్టర్' దగ్గర ఈ ఎత్తు పారదు. పిల్లవాణ్ణి చూసుకోమనాలంటే 'లుక్ ఆఫ్టర్ హిమ్' అనాల్సిందే. మధ్యలో దూర్చటానికి వీల్లేదు. అప్, ఔట్, ఆఫ్, అవే తగిలినవి చాలావరకు మధ్యలో చోటిస్తాయి. ఆఫ్టర్, ఇంటూ, ఫర్ తగిలినవి సామాన్యంగా ఇవ్వవు. మినహాయింపులు లేకపోలేదు. బస్సు దిగటం 'గెట్ ఆఫ్ ది బస్'. 'గెట్ ది బస్ ఆఫ్' అంటే కండక్టరు కంగారుపడతాడు.

జపానులో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పిన ఏ. ఎస్. హార్న్‌బీ, ఒక్కొక్క క్రియ వాక్యంలో ఎట్లా కూర్చుంటుందో చూపుతూ తోటివారితో కలిసి నిఘంటువు తయారుచేస్తే, 1942లో టోకియోలో అచ్చయింది. విద్యార్థులు నేటికీ కొంటున్న ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు మూలం అదే. అర్థం ఒక్కటే తెలిస్తే చాలదు, క్రియకు దాని వాక్యం కూడా తోడుండాలన్నది అందులోని కిటుకు.

కనుక జాబితాలు బట్టీపట్టటం వట్టి దండగ. రాత్రి నేర్చిన 'అప్' తెల్లారేసరికి 'ఔట్' అయిపోతుంది. పని చేసే చోటే, పని చేస్తూ, వాక్యం మొత్తం పైకి అనాలి. చెప్పులు విప్పుతూ 'టేక్ ఆఫ్ యువర్ షూస్', వెంటనే 'టేక్ యువర్ షూస్ ఆఫ్', మూడోసారి పేరు తీసేసి 'టేక్ దెమ్ ఆఫ్'. అబ్బాయిని లేపమని చెల్లెలితో 'వేక్ హిమ్ అప్'. వానచినుకు పడితే దండెం మీది బట్టలకు 'బ్రింగ్ దెమ్ ఇన్'. నాలుగు రోజులు ఇట్లా చేస్తే ఆ 'దెమ్' తన కుర్చీ తానే వెతుక్కుంటుంది. అమ్మ అడగటం, పిల్లలు చెప్పటం అయ్యాక, పిల్లలు అడిగితే నాన్నగారు చెప్పాలి. అప్పుడు ఇంట్లో సరదా కూడాను.

'మేక్ అప్' జోలికి మాత్రం తీరికగా ఆదివారం వెళ్ళండి. లేని కథ అల్లటమూ అదే, మొహానికి రంగులద్దుకోవటమూ అదే, అలిగిన ఆలుమగలు రాజీపడటమూ అదే. ఏది ముందో, ఏది తరవాతో ఆ ఇంటి సంగతి.