ఫోన్‌లోని పాట స్టేజీ స్పీకర్‌కు చేరాలంటే...

హాస్టల్ వార్షికోత్సవం అంటే డ్యాన్సులు, నాటికలు ఉండాల్సిందే. తమ్ముళ్లు, చెల్లెళ్లు చదువుల మధ్య తీరిక చేసుకుని రోజుల తరబడి ప్రాక్టీసు చేస్తారు. తీరా స్టేజీ ఎక్కాక వాద్యాలు వినిపిస్తాయి గానీ పాడేవారి గొంతు మాయమవుతుంది! పాట ఫైలు పాడైందనో, ఫోన్ చెడిపోయిందనో అనుకుంటాం. నిజానికి ఇలాంటప్పుడు తప్పు సాధారణంగా వైరుదే. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లం మేమే మొదటివాళ్లం. అందుకే తెలిసిన నాలుగు ముక్కలు తర్వాతివారికి చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం.

గొంతు ఎందుకు పోతుంది?

ఇయర్‌ఫోన్ పిన్ను 3.5 మిల్లీమీటర్లది. దాని కొన మీద ఎడమ చెవి పాట, తర్వాతి రింగు మీద కుడి చెవి పాట వస్తాయి. మిక్సర్‌కు పెట్టే పెద్ద పిన్ను 6.35 మిల్లీమీటర్లది. దానికీ కొన, రింగు ఉంటాయి గానీ పని వేరు. కొన మీద ఒక సిగ్నల్, రింగు మీద అదే సిగ్నల్ తలకిందులుగా వస్తాయని మిక్సర్ అనుకుంటుంది. ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తుంది. దారిలో రెండు తీగల్లోనూ సమానంగా చేరిన రొద అలా పోతుంది. మంచి ఏర్పాటే. కానీ ఫోన్ పాటను నేరుగా అలాంటి ఇన్‌పుట్‌కు ఇస్తే ఎడమలోంచి కుడి తీసివేసినట్టవుతుంది. గాయకుల గొంతు సాధారణంగా రెండు వైపులా సమానంగా రికార్డు చేస్తారు. సమానమైనవాటిని తీసివేస్తే మిగిలేది సున్నాయే కదా!

ఇందుకు ఒక వైపు 3.5 స్టీరియో పిన్ను, మరోవైపు రెండు 6.35 మోనో పిన్నులు ఉన్న వైరు వాడాలి. ఆ రెంటినీ మిక్సర్‌లో రెండు లైన్ ఇన్‌పుట్లకు పెట్టాలి. హెడ్‌ఫోన్ జాక్ లేని ఫోన్లకు ముందు టైప్-సి అడాప్టర్ కావాలి.

మైక్ రంధ్రంలో పెట్టకూడదా?

పెట్టకపోవడమే మంచిది. మైక్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. ఇళ్లలో వాడే ఆడియో పరికరాల ప్రమాణం సుమారు 0.3 వోల్టులు, స్టేజీ పరికరాలది సుమారు 1.2 వోల్టులు. ఫోన్ పాటను మైక్ ఇన్‌పుట్‌కు ఇస్తే శబ్దం పగిలిపోతుంది. పైగా కండెన్సర్ మైకుల కోసం మూడు కాళ్ల ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్‌లో 48 వోల్టులు పంపే స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఫోన్ దెబ్బతినవచ్చు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్న మనవాళ్లకు అది చిన్న నష్టం కాదు.

గుయ్‌మని మోత వస్తుంటే?

ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత ఆగితే అది రెండు దారుల్లో కలిసిన ఎర్త్ వల్ల వచ్చిందన్నమాట. అన్నింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోండి, లేదా సౌండ్ సెట్టు వారిని డీఐ బాక్స్ అడగండి. మోత పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా విరవకండి. మైక్ పట్టుకున్నవారి ప్రాణాన్ని కాపాడేది అదే. పాటలో కాస్త మోత ఉన్నా ఫర్వాలేదు.

చివరగా కొన్ని సూచనలు:

1. పిన్ను పెట్టేటప్పుడు, తీసేటప్పుడు ఆ ఛానల్ శబ్దం పూర్తిగా తగ్గించాలి.
2. ఫోన్ వాల్యూమ్ ముప్పావు వంతు పైన ఉంచి, మిగతాది మిక్సర్‌లో సరిచేయాలి.
3. ఆంప్లిఫయర్‌ను అన్నింటికన్నా చివర ఆన్ చేసి, అన్నింటికన్నా ముందు ఆఫ్ చేయాలి.
4. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే డ్యాన్సు మధ్యలో రింగ్‌టోన్ మోగుతుంది!
5. అతిథులు రాకముందే, గొంతు ఉన్న పాటతోనే పరీక్షించాలి.

ఈ వైరు ఒకటి కొని, ఏ పిన్ను ఎక్కడ పెట్టాలో చీటీ రాసి, హాస్టల్ సామాన్ల పెట్టెలో ఉంచితే వచ్చే ఏడాది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.