గాలిని మోయు బండ్లు

పట్టణములలో తెల్లవారగనే చెత్తబండి వీధిలోనికి వచ్చును. దాని పాట వినబడగనే జనులు బుట్టలు చేతబట్టుకొని వాకిళ్ళకు వత్తురు. నాలుగు వీధులు తిరుగునప్పటికి బండి నిండిపోవును. అట్టపెట్టెలు, సీసాలు, సంచులు అంచులు దాటి కొండవలె పేరుకొనును. చూపరులకు ఆ బండి మోయరాని బరువును మోయుచున్నట్లు తోచును. కాని పొడిచెత్త మాత్రమే నిండిన బండిని తూకమున కెక్కించి చూచినచో ఆశ్చర్యము కలుగును. అది మోయగల బరువులో కొద్ది భాగము మాత్రమే దానిపై నుండును. తక్కిన చోటంతయు గాలి ఆక్రమించియుండును.

ఏ వాహనమైనను మోయగలుగు సరకునకు రెండు హద్దులు గలవు. మొదటిది బరువు, రెండవది చోటు. ఇసుకను, ఇటుకలను తీసికొనిపోవు లారీకి బరువు హద్దు ముందుగా వచ్చును. గడ్డిని తీసికొనిపోవు బండికి చోటు హద్దు ముందుగా వచ్చును. ఎద్దులకు ఇంకను సత్తువ మిగిలియుండగనే బండిపై స్థలము చాలకపోవును. కాగితములు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సీసాలు, రేకు డబ్బాలు ఈ రెండవ జాతికి చెందిన సరకులు. వీనిని మనము చెత్త యందుము. కాని ఇవి కర్మాగారమునకు చేరినచో కాగితము మరల కాగితమగును. రేకు మరల రేకగును. చేరుటకు ముందు ఇవి బండిలో చోటు సంపాదించుకొనవలయును. చిక్కంతయు అచ్చటనే యున్నది.

ఈ చిక్కును లెక్క వేసి చూతము. ఒక లీటరు నీరు పట్టు ప్లాస్టిక్ సీసా ఖాళీగా నున్నప్పుడు 28 గ్రాములు తూగుననుకొందము. సీసాలు చేయు ఆ ప్లాస్టిక్, నీటికంటె సుమారు 1.38 రెట్లు బరువైనది. 28ని 1.38చే భాగించినచో ఇంచుమించు 20 వచ్చును. అనగా ఆ సీసాలోని పదార్థము నంతటిని ముద్దచేసినచో 20 ఘన సెంటీమీటర్లు మాత్రమే యగును. లీటరనగా 1000 ఘన సెంటీమీటర్లు. కావున సీసా ఆక్రమించు చోటులో ఇంచుమించు 50 వంతులకు ఒక వంతు పదార్థము, తక్కినదంతయు గాలి. ఇట్టి సీసాలను ఒక ఘనమీటరు పెట్టెలో పోసినచో వాని నడుమ సందులు కూడ మిగులును. 700 సీసాలు పట్టుననుకొన్నను వాని మొత్తము బరువు 20 కిలోగ్రాములకు మించదు. అదే పెట్టెను నీటితో నింపినచో 1000 కిలోగ్రాములు తూగును.

అట్టపెట్టె సంగతియు నట్టిదే. 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తు గల పెట్టె 30 లీటర్ల చోటును ఆక్రమించును. అతుకులు విప్పి దానిని చదును చేసినచో 4 లీటర్లకు లోపుగనే ఇముడును. యంత్రమేమియు లేకుండ, రెండు చేతులతో, అర నిమిషములో దాని పరిమాణము ఏడెనిమిదవ వంతునకు తగ్గినది. వస్తువులు పగులకుండ చుట్టును పెట్టు థర్మోకోలులో నూటికి 98 పాళ్ళు గాలియే.

ఈ చిక్కు మన రైతులకు క్రొత్తది కాదు. ఆదిలాబాదు, వరంగల్లు, గుంటూరు ప్రాంతములలో పత్తి పండించువారు దానిని బోరెములలో నింపి కాళ్ళతో త్రొక్కుదురు. మిల్లులో గింజను వేరుచేసిన పిమ్మట దూదిని యంత్రముతో నొక్కి, కట్లు బిగించి బేళ్ళు చేయుదురు. మన దేశములో ఒక బేలు 170 కిలోగ్రాములుగా లెక్కింతురు. నొక్కుటవలన దూది ఏమియు తరుగలేదు. గాలి మాత్రము తొలగిపోయినది. ఇందులో ఇంకొక మర్మము గలదు. మిల్లువారు గింజను తీసిన తరువాతనే దూదిని నొక్కుదురు. గింజతో కూడ నొక్కినచో గింజలు చిదికి నూనె దూదికంటును. సరకు విలువ పోవును. ముందుగా వేరుచేయుట, పిదప నొక్కుట అను ఈ వరుసను జ్ఞాపకముంచుకొందము.

బండిలో గాలి తగ్గుటవలన పట్టణమునకు కలుగు లాభమును ఒక ఉదాహరణముతో గ్రహింపవచ్చును. ఒక బండి పెట్టె 8 ఘనమీటర్లు; అది మోయగల బరువు 2000 కిలోగ్రాములు. ఘనమీటరునకు 20 కిలోగ్రాముల చొప్పున అందు 160 కిలోగ్రాముల సీసాలు పట్టును. పట్టణములో దినమునకు 1280 కిలోగ్రాముల సీసాలు ప్రోగుపడినచో 8 మారులు తిరుగవలయును. ఒక్కొక్క మారునకు పోయివచ్చు దూరము 30 కిలోమీటర్లైనచో మొత్తము 240 కిలోమీటర్లు. సీసాలను నాలుగవ వంతునకు నొక్కగలిగినచో 2 మారులు చాలును. 60 కిలోమీటర్లతో పని ముగియును. అప్పుడును బండిపై బరువు 640 కిలోగ్రాములే కాని హద్దు దాటదు. తక్కిన 180 కిలోమీటర్ల నూనె ఖర్చు, పొగ, రోడ్లపై రద్దీ, కార్మికుల కాలము మిగులును. సేకరించు ఖర్చు ఆ వస్తువుల విలువను మించినచో వానిని వేరుగా తెచ్చుటకు ఎవరును ముందుకు రారు. అప్పుడు అవి చెత్తదిబ్బకే పోవును. కావున గాలిని తొలగించుట వలననే పెక్కు వస్తువులకు మరల జీవము పోసినట్లగును.

పూర్వము కార్మికులు బండిపైకెక్కి చెత్తను కాళ్ళతో త్రొక్కెడివారు. గాజుముక్కలు, మేకులు కాళ్ళలో గ్రుచ్చుకొనెడివి. ఆ పనిని యంత్రమునకు అప్పగించుటకు ఒక శాస్త్రసూత్రము తోడ్పడినది. మూసియున్న పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము తగ్గకుండ అన్ని వైపులకును ప్రసరించునని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ కనుగొనెను. ఆయన గ్రంథము మరణానంతరము 1663లో ప్రకటింపబడినది. ఈ సూత్రము నాధారము చేసికొని ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో ద్రవముతో పనిచేయు ఒత్తుడు యంత్రమునకు పేటెంటు హక్కు పొందెను. 2 చదరపు సెంటీమీటర్ల చిన్న ముషలకముపై 10 కిలోగ్రాముల బరువు నుంచినచో, దానితో ద్రవము ద్వారా కలుపబడిన 200 చదరపు సెంటీమీటర్ల పెద్ద ముషలకము 1000 కిలోగ్రాముల బరువును ఎత్తగలదు. అయితే చిన్న ముషలకము 100 సెంటీమీటర్లు కదలిననే పెద్దది 1 సెంటీమీటరు కదలును. బలము పెరిగినంత దూరము తరుగును. ప్రకృతి ఎవరికిని ఊరక ఏదియు నీయదు.

ఈ బలమును చెత్తబండిలో నిలిపినవారిలో అమెరికా దేశపు గార్ వుడ్ కంపెనీ ముఖ్యమైనది. 1938లో వారు ‘లోడ్ ప్యాకర్’ అను బండిని ప్రవేశపెట్టిరి. నేడు మనము కంపాక్టరు అని పిలుచు బండ్లకు అది పూర్వరూపము. ఇట్టి బండి వెనుక భాగమున ఒక తొట్టి యుండును. కార్మికుడు చెత్తను అందులో పోయును. బలమైన ఇనుప పలక ఒకటి క్రిందికి దిగి, చెత్తను ఊడ్చి లోపలి పెట్టెలోనికి నెట్టి ఒత్తును. పెట్టెలో ఎదురుగా మరియొక పలక అడ్డుగా నిలిచి యుండును. చెత్త పెరిగినకొలది అది కొంచెము కొంచెముగా వెనుకకు జరుగును. ఎదురొత్తు ఇచ్చు పలక లేనిచో చెత్త ముందునకు జరుగునే కాని అణగదు. పెట్టె నిండిన పిదప ఆ పలకయే ముందునకు వచ్చి సరకునంతటిని బయటికి త్రోయును. ఈ పలకలను కదలించునది ఇంజను బలముతో పంపు చేయబడు నూనె. ఆ నూనెలో పనిచేయునది పాస్కల్ సూత్రము.

ఇంత శక్తి చేతికి వచ్చినప్పుడు అన్నిటిని గట్టిగా నొక్కివేయుదమను కోరిక పుట్టుట సహజము. పొరపాటు జరుగునది అచ్చటనే. తడిచెత్తతో కాగితమును కలిపి నొక్కినచో అన్నము, కూరల రసము కాగితములోనికి ఇంకిపోవును. అట్టి కాగితమును కర్మాగారమువారు కొనరు. గాజుసీసాలను కాగితముతో కలిపి నొక్కినచో అవి పగిలి, గాజునలుసులు కాగితపు పొరలలో నాటుకొనును. అవి యంత్రములను చెరచును. ఏరువారి చేతులను కోయును. రంగురంగుల గాజుముక్కలు కలిసిపోయిన తరువాత వేరుచేయుట మిక్కిలి కష్టము. అందువలననే జర్మనీ దేశమున తెల్ల, ఆకుపచ్చ, గోధుమ రంగు గాజుసీసాలకు వేర్వేరు పెట్టెలు పెట్టుదురు.

ప్లాస్టిక్ సీసాలకును ఒక హద్దు గలదు. కొన్ని కేంద్రములలో వస్తువులను వాని ఆకారమును బట్టి వేరుచేయు యంత్రములు గలవు. ఏటవాలుగా నుండి కదలుచుండు పలకలపై గుండ్రని సీసాలు క్రిందికి దొర్లును. చదునైన కాగితములు పైకి పోవును. సీసా కాగితమువలె పలుచబడినచో యంత్రము దానిని కాగితమని భ్రమించును. ఇట్టి యంత్రములు గల ఊళ్ళలో సీసాలను అతిగా నొక్కరాదు. చేతులతో ఏరు ఊళ్ళలో ఈ భయము లేదు. అన్నిటికంటె ప్రమాదకరమైనవి బ్యాటరీలు. సెల్ ఫోనులలోను, ఆటవస్తువులలోను ఉండు లిథియం బ్యాటరీ నలిగినచో లోపల వేడి పుట్టి మంట లేవవచ్చును. కాగితములతో నిండిన బండిలో అట్టి నిప్పురవ్వ ఎంత కీడు చేయునో చెప్పనక్కరలేదు. ఇట్టి ప్రమాదములు పెక్కు దేశములలో జరిగినవి.

కనుక నొక్కుటకంటె ముందు వేరుచేయుట అవసరము. ఈ సంగతి 19వ శతాబ్దముననే కొందరు గ్రహించిరి. 1884లో పారిస్ నగర పాలనాధికారి యూజెన్ పుబెల్, ఇంటి యజమానులు చెత్తకు మూతగల పెట్టెల నుంచవలెనని ఆజ్ఞాపించెను. కుళ్ళు పదార్థములకు ఒకటి, కాగితములకు గుడ్డలకు ఒకటి, గాజు పింగాణి ముక్కలకు ఒకటి యుండవలెనని ఆయన ఉద్దేశము. ఫ్రెంచి భాషలో చెత్తబుట్టకు ఆయన పేరే స్థిరపడినది. మన దేశములో 2016లో వెలువడిన ఘనవ్యర్థముల నియమములు తడిచెత్త, పొడిచెత్త, ఇంటిలోని హానికర వస్తువులు అని మూడు విధములుగా ఇంటివద్దనే వేరుచేయవలెనని నిర్దేశించినవి.

పారిస్ ఆజ్ఞ వెలువడినప్పుడు వీధులలో గుడ్డపీలికలు ఏరుకొని జీవించువారు తమ కూడు పోవునని ఆందోళన చేసిరి. ఆ ప్రశ్న నేటికిని సజీవముగ నున్నది. హైదరాబాదు మహానగరపాలక సంస్థ 2015లో ఇంటింటి నుండి చెత్తను సేకరించుటకు స్వచ్ఛ ఆటోలను ప్రవేశపెట్టినది. ఆ ఆటోల ప్రక్కన వ్రేలాడు పెద్ద పెద్ద గోనెసంచులను మీరు చూచియుందురు. అందులో పనిచేయువారు సీసాలను, అట్టలను దారిలోనే ఏరి ఆ సంచులలో నింపి, పాత సామానుల దుకాణములో అమ్ముకొందురు. తక్కిన చెత్త బదిలీ కేంద్రములకు చేరి, పెద్ద బండ్లలో నొక్కబడి, జవహర్ నగరు పోవును. ఆ పెద్ద బండిలో పడిన పిదప సీసాను గాని, అట్టను గాని మరల చక్కగా వెలికితీయుట దుర్లభము. ఏరుట జరుగవలసినది అంతకు ముందే. మహారాష్ట్రలోని పూణె నగరమున చెత్త ఏరుకొనువారు సహకార సంఘముగా ఏర్పడి, 2008లో నగరపాలక సంస్థతో ఒప్పందము చేసికొని, ఇంటింటికి వెళ్ళి చెత్తను సేకరింపసాగిరి. వేరుచేయు నేర్పు వారి చేతులలో నున్నది. దానికి తగిన గౌరవము లభించుట న్యాయము.

మొదటి నొక్కుడు జరుగవలసిన స్థలము మన ఇల్లు. దానికి ఇంజను అక్కరలేదు. అట్టపెట్టెను విప్పి చదును చేయవలయును. వార్తాపత్రికలను ఉండచుట్టక మడిచి కట్టగట్టవలయును. సీసాలోని నీటిని ఒంపివేసి, నొక్కి గాలిని పోగొట్టి, మూత బిగింపవలయును. మూత లేనిచో గాలి మరల లోనికి చొచ్చును. రేకు డబ్బాను కడిగి యుంచవలయును. గాజును పగులగొట్టక వేరుగ పెట్టవలయును. పగిలిన గాజును మందపు కాగితములో చుట్టి, ఆ సంగతి బండివారికి నోటితో చెప్పవలయును. బ్యాటరీలను ఏ బుట్టలోను వేయక ప్రత్యేకముగ అప్పగింపవలయును. ఏ కారణముచేతను పిల్లలు కంపాక్టరు బండి తొట్టిలో చేయి పెట్టరాదు. ఆ పలకకు చెత్తయు చేయియు ఒక్కటే.

ఒక ఇంటివారు రెండు పెట్టెలను చదును చేసినంత మాత్రమున బండి ప్రయాణము తగ్గదని కొందరనవచ్చును. వీధిలో వంద ఇండ్లున్నవి. ఇంటికి 25 లీటర్ల గాలి తగ్గినచో వంద ఇండ్లకు 2500 లీటర్లు, అనగా రెండున్నర ఘనమీటర్లు తగ్గును. మన ఉదాహరణములోని 8 ఘనమీటర్ల పెట్టెలో అది మూడవ వంతునకు దగ్గర. మిగిలిన ఆ చోటులో ప్రక్క వీధి చెత్త ఇముడును.