మీకు తెలుసా? జావాకూ ‘తోడు’ కావాలి!

ఆత్మకూరులోనైనా ఉదయగిరిలోనైనా పాలు తోడుకోవాలంటే నిన్నటి పెరుగు చుక్క ఉండాల్సిందే. జావా భాషలో రాసిన ప్రోగ్రాములను నడిపే జావా వర్చువల్ మెషీన్‌దీ అదే తీరు!

● లినక్స్‌లో ఈ మెషీన్ ఉండే జావా కిట్ ‘ఓపెన్‌జేడీకే’ 21ని సోర్స్ కోడ్ నుంచి కట్టాలంటే, కంప్యూటర్‌లో ముందే జేడీకే 20 గానీ 21 గానీ ఉండాలి. ఈ తోడునే ‘బూట్ జేడీకే’ అంటారు.

● కారణం? లోపలి వర్చువల్ మెషీన్ ‘హాట్‌స్పాట్’ను సీ ప్లస్ ప్లస్‌లో రాసినా, జావా కంపైలర్‌ను రాసింది జావాలోనే.

● ఉదయగిరి కొయ్య గరిటెలు చెక్కేవారు ముందు కొయ్యను చూస్తారు. ఓపెన్‌జేడీకే కట్టేముందు నడిపే ‘కాన్ఫిగర్’ స్క్రిప్టు కూడా ప్రాసెసర్‌, కంపైలర్‌, లైబ్రరీలు చూసుకున్నాకే, అసలు కట్టే పని చేసే ‘మేక్’ ఆదేశానికి దారి వేస్తుంది.

● 1993లో బ్రెజిల్‌లో పుట్టిన లువా అనే ప్రోగ్రామింగ్ భాషకు ఇలాంటి తోడు అక్కర్లేదు. సీ కంపైలర్ ఉంటే ‘మేక్’ కొడితే చాలు!