మోకాలు నొప్పా? తుంటి కూడా చూపించండి

జన్వాడలో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంట్లో 13 ఏళ్ల పిల్లగాడు. కాస్త బొద్దుగా ఉంటాడు. నెల రోజులుగా కుంటుతూ బడికి పోతున్నాడు.

"అమ్మా, మోకాలు నొస్తున్నది" అన్నాడు.

"ఆటలో తగిలి ఉంటది బిడ్డా" అని తల్లి నూనె రాసింది.

"చేనుకు రమ్మంటే చాలు, కుంటుడు మొదలుపెడతాడు" అని తండ్రి కసిరాడు.

మోకాలికి వాపు లేదు. దెబ్బ లేదు. మరి నొప్పి ఎందుకు?

జబ్బు మోకాలిలో లేదు. తుంటిలో ఉంది. తుంటికి పోయే నరాలే మోకాలి వైపూ పోతాయి. అందుకే తుంటిలో జబ్బు ఉంటే మోకాలు నొప్పి పుడుతుంది.

తుంటిలో ఏం జరిగింది?

తొడ ఎముక పైకొన గుండులా ఉంటుంది. అది తుంటి గిన్నెలో తిరుగుతుంది. ఎదిగే పిల్లల్లో ఈ గుండుకూ ఎముకకూ నడుమ ఒక మెత్తని పొర ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. పెద్దయ్యాక ఆ పొర గట్టి ఎముకగా మారిపోతుంది.

గోడ కట్టేటప్పుడు చూశారు కదా! అడుసు ఆరకముందే బరువు పెడితే ఇటుక జారుతుంది. ఇక్కడా అంతే. మెత్తని పొర దగ్గర గుండు జారుతుంది.

ఇది ఎక్కువగా 10 నుంచి 16 ఏళ్ల పిల్లలకు వస్తుంది. ఆడపిల్లలకన్నా మగపిల్లలకు ఎక్కువ. ఒళ్లు బరువున్న వారికి ఎక్కువ. బక్క పిల్లలకూ రావచ్చు. థైరాయిడ్ లోపం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ రావచ్చు.

ఎట్లా గుర్తు పట్టాలి?

- పిల్లలు కుంటుతారు.
- గజ్జలో, తొడలో లేదా మోకాలిలో నొప్పి ఉంటుంది.
- నడిచేటప్పుడు పాదం బయటికి తిరిగి ఉంటుంది.
- ఆ కాలు కాస్త పొట్టిగా కనిపించవచ్చు.

ఏం చేయాలి?

అదే రోజు ఆస్పత్రికి తీసుకుపోండి. నడిపించకండి. "డాక్టరుగారూ, తుంటి కూడా చూడండి" అని అడగండి. అడగటం తప్పు కాదు. రెండు తుంట్లకూ ఎక్స్‌రే తీయాలి. ముందు నుంచి తీస్తే చాలదు, పక్క నుంచి కూడా తీయాలి. కొంచెం జారితే ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు.

హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆస్పత్రుల్లో ఎముకల డాక్టర్లు ఉంటారు. ఆపరేషన్ చేసి స్క్రూ బిగిస్తారు. దాంతో గుండు ఇంకా జారకుండా ఆగుతుంది. కొన్ని వారాలు చంక కర్రలతో నడవాలి. కొందరికి రెండో తుంటి కూడా జారుతుంది. కాబట్టి చెప్పిన రోజున మళ్లీ చూపించాలి.

పిల్లవాడు ఒక్కసారిగా కాలు కింద పెట్టలేకపోతే? లేపకండి. పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఏం చేయకూడదు?

మాలిష్ చేయకూడదు. కాలు గుంజి కట్టు కట్టించకూడదు. గుంజితే గుండుకు నెత్తురు తెచ్చే నాళాలు తెగవచ్చు. నెత్తురు అందకపోతే గుండు చచ్చుబడుతుంది. అప్పుడు బతుకంతా కుంటే మిగలవచ్చు.

పిల్లలు కుంటితే సాకు అనుకోకండి. తొందరగా చూపిస్తే చిన్న ఆపరేషన్‌తో పోతుంది.

ఆలోచించండి:

1. తుంటిలో జబ్బు ఉంటే మోకాలు ఎందుకు నొస్తుంది?
2. మీ వాడలో కుంటుతూ బడికి పోయే పిల్లలు ఉన్నారా? వాళ్ల అమ్మానాన్నలకు ఈ పాఠం చదివి వినిపించండి.