సీసాపై మాట, క్యానులో పాలు

ఫ్రాన్సులో అనేక రైతు కుటుంబాలు తమ తోట ద్రాక్షతో ఇంటివద్దనే వైన్ చేసి అమ్ముతాయి. మనం కొనదలిస్తే ముందుగా కబురు చేసి వెళ్ళాలి. కోతలు సాగే సెప్టెంబరులో వారికి తీరిక ఉండదు. రైతే స్వయంగా రుచి చూపుతాడు. నోటిలోనిది ఉమ్మివేయుటకు పాత్ర ఉంచుతారు, అది తప్పుకాదు. సీసాపై ‘మీజాన్ బుతేయ్ ఓ దొమేన్’ అని ఉంటే తోటవద్దనే నింపినదని అర్థం.

ఈ నమ్మకం ఊరకే రాలేదు. చక్కెర, నీరు కలిపిన కల్తీ సరుకే ధరలు పడగొట్టిందని 1907లో దక్షిణ ఫ్రాన్సు రైతులు లక్షలాదిగా కదిలారు. నార్బోన్‌లో సైనికుల కాల్పులకు ప్రాణాలు పోయాయి. జూన్ 29న కల్తీ నిరోధక చట్టం వచ్చింది.

సభ్యులారా, మన పాలూ అంతే. ఒకరు కలిపిన నీరు క్యానులోని అందరి పాలనూ పలుచన చేస్తుంది. లాక్టోమీటరు పరీక్ష మనపై అనుమానం కాదు, మన ధరకు రక్షణ.