కాళ్ళ నొప్పులకు ఉప్పు వేన్నీళ్ళు

రాత్రి వంటిల్లు సర్దుకుని మంచం మీద వాలేసరికి "అబ్బ, కాళ్ళు పీకేస్తున్నాయి" అననివాళ్ళు మనలో ఎవరున్నారు చెప్పండి? పొద్దున లేచింది మొదలు మనది నిలువుకాళ్ళ ఉద్యోగమే కదా! అందుకే ఈ పూట ఉప్పు కలిపిన వేన్నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మందుల షాపులో ఎప్సం సాల్ట్ అని అమ్ముతారు. మన పెద్దవాళ్ళు భేది ఉప్పు అనేది దీన్నే. ఇంగ్లండులో లండన్‌కి దగ్గర్లో ఎప్సం అనే ఊరుంది. అక్కడి చేదు ఊటనీటిని మరగబెడితే వచ్చిన ఉప్పు కనుక ఆ ఊరి పేరే దీనికీ వచ్చింది. 1695లో నెహెమయా గ్రూ అనే వైద్యుడు దీని గురించి గ్రంథమే రాశాడు. ఇది కూరల్లో వేసుకునే ఉప్పు కాదు, మెగ్నీషియం సల్ఫేట్.

ఈ ఉప్పు చర్మంలోంచి ఇంకి నొప్పిని లాగేస్తుందని చాలామంది అంటారు. దానికి గట్టి రుజువు లేదు. మరి హాయిగా ఎందుకుంటుందంటారా? వెచ్చదనానికి రక్తనాళాలు విచ్చుకుంటాయి, బిగుసుకున్న కండరాలు సడలుతాయి. అంటే అసలు మందు వేన్నీళ్ళే!

వెడల్పాటి టబ్బులో చీలమండలు మునిగేటట్టు గోరువెచ్చని నీళ్ళు పోసి, అరకప్పు ఉప్పు కరిగించండి. 15 నిమిషాలు చాలు. తరవాత వేళ్ళ సందుల్లో కూడా తడి లేకుండా తుడుచుకోవాలి.

నీళ్ళ వేడి చేత్తో చూడకండి, మోచేత్తో చూడండి. ఎందుకంటే ఒకసారి మా అత్తగారికి నేనే నీళ్ళు పెట్టాను. చెయ్యి పెట్టి చూసి, "బాగున్నాయి అత్తయ్యా" అన్నాను. ఆవిడా "హాయిగా ఉందమ్మా" అన్నారు. మర్నాడు చూస్తే మడమల మీద బొబ్బలు! ఆవిడకు ఎన్నో ఏళ్ళుగా షుగరు. అలాంటివాళ్ళకి పాదాల్లో నరాలు మొద్దుబారి వేడి తెలియకపోవచ్చునని డాక్టరుగారు చెప్పాకే తెలిసింది. నా చేతులేమో వేడి గిన్నెలు దింపీ దింపీ కాయలు కాసినవాయె. ఆ పుండు మానేదాకా నాకు అన్నం సయించలేదు.

కనుక షుగరున్నవాళ్ళు కాళ్ళు నానబెట్టుకోవద్దు. గోరువెచ్చని నీళ్ళతో కడుక్కుని, పొడిగా తుడుచుకుంటే చాలు. పుళ్ళున్నా ఈ పని వద్దు. ఒక్క కాలే వాచి నొప్పిపెడుతున్నా, గర్భిణులకు ఉన్నట్టుండి కాళ్ళూ ముఖం వాచినా, టబ్బు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. భేది ఉప్పే కదా అని ఎవరి సలహా లేకుండా తాగకండి. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకి అది ప్రమాదం.

ఇంటిల్లిపాదినీ మోసే కాళ్ళు మనవి. రోజుకో పావుగంట వాటికీ ఇద్దాం. కానీ ముందు మోచెయ్యి, తరవాతే పాదం. మరచిపోరుగా! సెలవు.