చిత్తూరు, తిరుపతి ప్రాంతములందు ఫలములును కూరగాయలును కోయవలసిన కాలములు

(భూస్వాములగు రైతుల యుపయోగార్థము)

దుక్కి, ఎరువు, నీరు, కాపలా అను నాలుగింటియందును రైతు మిక్కిలి శ్రద్ధ వహించును. కాని యా శ్రద్ధ యంతయు ఫలించునదియు, వ్యర్థమగునదియు కోతనాడే. పదిదినములు ముందుగా కోసిన మామిడి పుల్లగ నుండి వడలిపోవును. రెండు దినములు ఆలస్యముగా కోసిన బెండ నారయై పశువులకు మేతయగును. కావున ఏ పంటను ఎప్పుడు, ఏ గుర్తును జూచి కోయవలయునో ఈ కరపత్రమున తెలుపబడుచున్నది.

1. సీమ యొక్క స్థితి

ఈ సీమ యంతయు ఒక్క తీరున నుండదు. తిరుపతి సముద్రమట్టమునకు సుమారు 500 అడుగుల యెత్తున నుండగా, దాని పైనున్న తిరుమల సుమారు 2,800 అడుగుల యెత్తున నున్నది. పడమటనున్న మదనపల్లె, పలమనేరు ప్రాంతములు రెండువేల అడుగులకు పైబడిన మెరక భూములు. ప్రతి వేయి అడుగుల యెత్తునకు ఉష్ణము సుమారు రెండు డిగ్రీలు తగ్గును. అందుచే తూర్పున శ్రీకాళహస్తి, పుత్తూరు వైపున వేసంగిలో మాడిపోవు పైరు పడమటి మెరకలలో నిలిచి కాయును.

వర్షము రెండు దఫాలుగా గురియును. జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరృతి, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యము. తూర్పు ప్రాంతములకు ఈశాన్య వర్షమే ముఖ్యము. చాంద్రమాన మాసములు అధికమాసము వచ్చినపుడు ముందు వెనుకలగును. కార్తెలు సూర్యుని గతి ననుసరించునవి గనుక ఏటేట ఇంచుమించు ఒకే తేదీకి వచ్చును. కోతకు కార్తె లెక్కయే మేలు.

2. ముఖ్యమైన భేదము

కాయలు రెండు జాతులు. మామిడి, అరటి, బొప్పాయి, సీతాఫలము, సపోటా, టమాటా మొదలగునవి చెట్టునుండి కోసిన పిమ్మటను పండును. నిమ్మ, నారింజ, దానిమ్మ, ద్రాక్ష, పుచ్చ మొదలగునవి కోసిన పిమ్మట మరి తీపెక్కవు. ఏ స్థితిలో కోయబడినవో ఆ స్థితిలోనే యుండును. మొదటి జాతిని దూరపు సంతకు పంపవలసిన యెడల ముదిరిన కాయగానే కోయవచ్చును. రెండవ జాతిని పూర్తిగా పక్వమైన పిమ్మటనే కోయవలయును. మొదటి జాతియందును ముదరని కాయ పండదు, కుళ్లును. ముదురుట వేరు, పండుట వేరు. ఈ రెంటిని ఒకటిగా నెంచుటచేతనే పెక్కు తోటలకు నష్టము కలుగుచున్నది.

3. మామిడి

ఈ సీమయందు పూత డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు వచ్చును. నిండు పూత నుండి సుమారు 100 మొదలు 120 దినములకు కాయ ముదురును. బేనీషా కృత్తిక కార్తె నుండి మృగశిర వరకు, తోతాపురి మృగశిర నుండి పునర్వసు వరకు, నీలము ఆరుద్ర నుండి పుష్యమి వరకు కోతకు వచ్చును. పూత ఆలస్యమైన యేట ఈ కాలములును వెనుకకు జరుగును.

కాయ ముదిరిన గుర్తులు: తొడిమ వద్ద కాయ భుజములు పైకుబ్బి, తొడిమ గుంటలో నున్నట్లు కన్పట్టును. తోలుపై నిగనిగ తగ్గి బూడిదవంటి పొర యేర్పడును. టెంక గట్టిపడును. కోసి చూచినచో కండ లేత పసుపు రంగునకు తిరుగును. మరియొక పరీక్ష సులభమైనది: పది కాయలను నీళ్ల తొట్టిలో వేయుడు. ముదిరినవి మునుగును, లేతవి తేలును. తేలునవి యెక్కువగా నున్నచో కోత నాపవలయును.

కాయలను రాల్చరాదు. చిక్కము కట్టిన గడతో, అంగుళములో మూడవవంతు తొడిమ నిలుచునట్లు ఉదయపు చల్లని వేళ కోయవలయును. తొడిమ మొదలంట విరిగిన సొన కారి తోలు నల్లబడి వెల తగ్గును. కోసిన కాయలను తొడిమ క్రిందికి వచ్చునట్లు నీడలో నుంచి సొన నోడ్చవలయును. తొలకరి చినుకులతో పండుఈగ హెచ్చును. కావున రాలిన కాయల నేరి లోతుగా పూడ్చుడు. మిథైల్ యూజినాల్ ఎరగల బుట్టలను తోటలో వ్రేలాడదీయుడు.

కాయలను కార్బైడుతో మాగవేయుట 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల ననుసరించి నిషిద్ధము. దానియందు పాషాణపు అంశ ముండుటయే గాక, పైతోలు పచ్చబడినను లోని కండ పుల్లగనే యుండును. వరిగడ్డిలో మాగవేయుట, లేక పదిలక్షలకు 100 భాగములు మించని ఇథిలీను వాయువు గల గదిలో నుంచుట సక్రమమైన పద్ధతులు.

తోతాపురి యందు మరియొక చిక్కు గలదు. ఆ కాయ యధికభాగము గుజ్జు ఫ్యాక్టరీలకే పోవును. తోటలన్నియు ఒక్కసారి దిగిన ఫ్యాక్టరీలు కొనజాలవు. 2025 వేసంగిలో నిట్లే ధర పడిపోగా, కిలోకు 12 రూపాయలు నిర్ణయించి, అందు 8 ఫ్యాక్టరీలవారును 4 ప్రభుత్వమువారును ఇచ్చునట్లు ఏర్పాటు చేయవలసి వచ్చెను. ముదిరిన చెట్లను ముందుగా, తక్కినవానిని వారము ఎడమిచ్చి కోసినచో ఈ ఒత్తిడి కొంత తగ్గును. తోట పెట్టువారు ఒకే రకమును గాక రెండు మూడు రకములను పెట్టుట మంచిది.

4. తక్కిన ఫలములు

సీతాఫలము ఆగస్టు మొదలు నవంబరు వరకు. కండ్ల నడుమ గాళ్లు విచ్చి తెల్లని లేక లేత పసుపు రంగు దోచినపుడు కోయవలయును. కండ్లు కలిసి యున్నచో కాయ పండదు.

నిమ్మ గూడూరు, వెంకటగిరి ప్రాంతములందు విస్తారము. వర్షాకాలమున కాపు మెండు, ధర తక్కువ. వేసంగిలో కాపు స్వల్పము, ధర హెచ్చు. తోలు నున్నబడి, ముదురు ఆకుపచ్చ లేత పసుపునకు తిరుగునపుడు కోయుడు.

చింత జనవరి మొదలు ఏప్రిలు వరకు. కాయను తట్టిన డొల్ల శబ్దము వచ్చి, పెంకు గుజ్జును విడచినపుడు దింపవలయును. పుచ్చ వేసంగి ఫలము. కాయ ప్రక్కనున్న నులితీగ యెండి, నేల నానిన భాగము పసుపుబారినపుడు పక్వమైనట్లు.

5. టమాటా

నాటిన 60 మొదలు 75 దినములకు కోత యారంభమగును. పగటి యుష్ణము 35 డిగ్రీలు దాటిన పూత రాలును. 30 దాటిన యెరుపు సరిగా పట్టదు. అందుచే తూర్పు పల్లపు భూములలో చలికాలమునను, మదనపల్లె మెరకలలో వేసంగియందును ఈ పంట చక్కగా వచ్చును. దూరపు సంతకు కాయ కొనయందు గులాబివన్నె తోచినపుడును, సమీపపు సంతకు ఎర్రనైన పిమ్మటను కోయవలయును.

ఈ పంటకు ధర నిలుకడ లేదు. 2021 నవంబరు వర్షములకు తోటలు నీటమునిగెను. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటెను. కొన్ని యేండ్లలో కోతకూలి గిట్టక కాయలను త్రోవప్రక్కన పారబోసిరి. పోయిన యేటి ధరను జూచి ఉన్న పొలమంతయు ఒక్కసారి నాటక, ఇరువది దినముల యెడమిచ్చి రెండు మూడు దఫాలుగా నాటుడు. ఒక దఫాకు ధర లేకున్నను మరియొక దఫా ఆదుకొనును.

6. కూరగాయలు

బెండను పూవు విచ్చిన అయిదారు దినములలో, దినము విడచి దినము కోయవలయును. వంకాయ నిగనిగలాడుచుండగనే కోయుడు. వన్నె మాసినచో గింజ ముదిరినట్లు. బీర, కాకర, గోరుచిక్కుడు లేతవిగా నుండగనే కోసిన తీగెయు చెట్టును మరల కాపు పట్టును; ఒక్క కాయ ముదరనిచ్చినను తరువాతి కాపు తగ్గును. ఉల్లికి సగము మొక్కల ఆకు మెడలు వాలినపుడు నీరు ఆపి త్రవ్వుడు. మునగ ఫిబ్రవరి మొదలు జూన్ వరకు విస్తారముగ నుండును.

7. కోసిన పిమ్మట

ఎండ ముదిరిన పిమ్మట కోయరాదు. కోసినదానిని నేలపై గాక నీడలో పట్టలపై నుంచి, దెబ్బతిన్నవానిని వేరుచేయుడు. మామిడిని 12 డిగ్రీలకు తక్కువ చల్లదనమున నుంచిన తోలు నల్లబడును. 1944లో మొదటి ఘాటురోడ్డు ఏర్పడకమునుపు తిరుమలకు కూరగాయలు మెట్లదారిని మోతమీద పోవుచుండెను. ఇప్పుడు దారి సుగమమైనను, బ్రహ్మోత్సవములయందును వైకుంఠ ఏకాదశికిని తిరుపతి సంతలో గిరాకి హెచ్చును. ఆ తేదీలు ముందుగనే తెలియును గనుక, వాని నుండి వెనుకకు లెక్కించి విత్తు రైతునకు లాభము.

ప్రతి రైతును పూత వచ్చిన తేది, కోత తేది, అమ్మిన ధర ఒక పుస్తకమున వ్రాసి యుంచవలయును. మూడేండ్ల లెక్కయున్నచో తన పొలమునకు తగిన కాలము ఈ కరపత్రముకంటె ఆ పుస్తకమే బాగుగ తెలుపును. సందేహములున్నచో తమ గ్రామపు రైతు సేవా కేంద్రమునందు ఉద్యానశాఖవారిని విచారింపవచ్చును.